సుద్ద సున్నాలు

ఋషికొండ మీద మా ఆఫీసుకి
మూడు వైపులా అద్దం, నాలుగో వైపు వాదం.
తెల్లబోర్డు మీద రెండు డబ్బాలు గీసి
మధ్యలో జానెడు ఖాళీ వదిలాడు జోసెఫ్.
ఒకటి మన యాప్.
రెండోది, అందులో తప్పులు రాసుకునే చోటు.
"విడిగానే కడదాం.
ఇల్లంటుకున్నప్పుడు
నీళ్ల బిందె ఇంట్లో ఉండకూడదు."

కిన్నెర లేచి రెండు డబ్బాల్నీ అరచేత్తో చెరిపి
ఒకటే గీసింది. మూలన చుక్క పెట్టింది.
"ముల్లు గుచ్చుకున్నవాడు
కుంటుకుంటూ ఊరవతలి ఆసుపత్రికి నడవాలా?
గుచ్చుకున్న చోటే నొక్కనీ.
ఏ తెర, ఏ నిమిషం, ఎంత సిగ్నల్,
అన్నీ ఆ చుక్కే మోసుకొస్తుంది."

నేను ఎటూ చెప్పలేదు. టీ చల్లారింది.

మాది పెద్ద యాప్ ఏం కాదు.
చేపలరేవు బోట్లకి ఐసు టోకెన్లు, డీజిలు టోకెన్లు,
వేటలో ఎంత పడిందో లెక్క.
దాని తప్పులన్నీ అప్పటిదాకా
నా వాట్సాప్‌లోనే ఉండేవి,
సగం గొంతు, సగం గాలి.
"అమ్మా, టోకెను రెండుపాలు కొట్టేత్తంది."
ఎవరు? ఏ బోటు? ఎప్పుడు?
ఇంజను చప్పుడు తప్ప జవాబుండదు.

సింధియా గేటు లోపల ముప్పై ఏళ్లు
సూరప్పడు మామయ్య ఉద్యోగం తప్పు పట్టడం.
పరంజా ఎక్కి, ఓడ పక్కల మీద టార్చి వేసి,
అతుకు పగిలిన చోట
సుద్దతో సున్నా చుట్టేవాడు.
తప్పు ఎక్కడుందో దాని చిరునామా అక్కడే.
ఒక ఆషాఢం రాత్రి వాన
పదకొండు సున్నాలు కడిగేసింది.

తరువాత రిజిస్టరు వచ్చింది.
మంచి అట్ట, ఎర్ర గీతలు, తాళమున్న బీరువా.
"ఎడమ పక్క, కింది వరస, సన్న పగులు."
ఎడమ పక్కంటే ఐదు వందల అడుగుల ఇనుము.
మళ్లీ మామయ్యే, మళ్లీ పరంజా.

మేము చుక్కే పెట్టాం.
రెండు వారాలు రేవు మాతో తెగ మాట్లాడింది.
మూడో వారం, భీమిలికి ఎదురుగా ఇరవై మైళ్లలో
మైలపల్లి ఎల్లాజీ బోటులో
తెర బిగుసుకుపోయింది.
తెరతోపాటు చుక్కా.
మా దగ్గర ఆ రాత్రి ఏమీ నమోదు కాలేదు.
జాబితా ఎంత శుభ్రంగా ఉందోనని
పొద్దున్న ఒకరినొకరం మెచ్చుకున్నాం కూడా.

పదింటికి ఎల్లాజీ ఫోను:
"ఓపాలి రేవుకి రండి, సూపిత్తాను."
ఐసు పొడి, రొయ్య తలలు,
చెప్పులు చేత పట్టుకుని కిన్నెర.
చుక్కాని పక్క చెక్క మీద
పాత బాకీ లెక్కల నడుమ బొగ్గుతో:
"3.40. ఐసు నొక్కినాను. ఆగిపోనాది.
సుక్క నొక్కినాను. అదీ ఆగిపోనాది."

ఇంతకన్నా మంచి రిపోర్టు
నేనీ ఉద్యోగంలో చదవలేదు.

జోసెఫ్ గెలిచిన మొహం పెట్టబోయి మానుకున్నాడు.
ఆ చెక్క బోటులోదే మరి,
ఫోను తగిలించిన మేకుకి బెత్తెడు దూరం.

సాయంత్రం మామయ్యని అడిగాను,
ఆఖరికి ఏం చేశావని.
"ఏటుంది? రేకు మీద ఉలితో నంబరు కొట్టీవోణ్ణి.
పుస్తకంలో అదే నంబరు.
వానొచ్చినా పోదు. పుస్తకం పోయినా రేకు సెప్తాది."
కాసేపాగి, దగ్గి,
"అయితే అమ్మీ, కొట్టిన ప్రతి నంబరూ
రేక్కి ఇంకో గాయమే. సూసుకుని కొట్టు."

ఇప్పుడు చుక్క లోపలే ఉంది, సన్నగా.
దాని పుస్తకం ఇంకెక్కడో,
వేరే గోడ, వేరే కరెంటు.
రెండింటికీ నడుమ ఒక నంబరు నడుస్తుంది.
ఎల్లాజీది రెండు వందల ఆరు.
కారణం దొరకలేదు. తెరిచే ఉంచాం.

ఆ చెక్క తుడవొద్దని చెప్పాను.
"తుడిసీడానికి," అన్నాడు,
"ఇదేటి, మీ బోర్డా?"